ఒకే అరచేతిలో పునుగూ సంపెంగా

విశాఖలో మా ఇల్లు హనుమంతవాక దగ్గర. వెనక వీధి దాటితే కొండ. నెలకోసారైనా శనివారం నాడు అమ్మని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం వెళ్ళడం మాకు అలవాటు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, ఆరిలోవ మీదుగా, ముడసర్లోవ చెరువు పక్కనుంచి అడవివరం చేరుకుంటాం. ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీ. ఖాళీగా ఉంది కదా అని లారీలూ కార్లూ వేగం పెంచేదీ ఆ వేళే.

రెండేళ్ళ కిందట ఒక శ్రావణ శనివారం. ముడసర్లోవ దాటాక హెడ్‌లైటు వెలుగులో ముందు తోక కనపడింది. నల్ల కట్టూ తెల్ల కట్టూ ఒకదాని వెంట ఒకటి, కొసదాకా. తర్వాత ఒళ్ళు కనపడింది. బూడిదరంగు మీద వరసలు తీరిన చుక్కలు, వీపు పొడవునా గీతలు. బండి ఆపాను.

"అయ్యో, ఏ పిల్లో పాపం. అలా నడిరోడ్డు మీద వదిలెయ్యకే, ఇంకో బండి ఎక్కేస్తాది. పక్కకి తియ్యి" అంది అమ్మ.

రెండు చేతులా ఎత్తాను. ఇంకా వెచ్చగా ఉంది. బరువు మన ఇళ్ళలో తిరిగే పిల్లి అంతే ఉంటుందేమో గానీ మూతి పిల్లిది కాదు. కోసుగా ముందుకి సాగి ఉంది. కాళ్ళు పొట్టి. పునుగుపిల్లి అది, పునుగు అనే వాసన జిగురు ఊరే జంతువు. రోడ్డు కింద తూము ఉన్నచోట, తుప్పల పక్కన పడుకోబెట్టాను. లేచి నిలబడ్డాక తెలిసింది నా చేతుల వాసన. మొదట ఘాటుగా, ముఖం తిప్పుకునేలా ఉంది. కాసేపటికి ఆ ఘాటు అడుగున తీపి లాంటిదేదో తగిలింది. సీసాలో నీళ్ళన్నీ పోసి కడుక్కున్నాను. ఆకులు నలిపి రుద్దుకున్నాను. పోలేదు.

కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర పూలమ్మే ఆవిడ ఎప్పటిలాగే పిలిచింది. "సంపెంగలు తీసుకో తల్లీ, తెల్లారకముందు కోసినవి." అమ్మ కొని నాలుగు పువ్వులు నా చేతిలో పెట్టింది. మెట్లెక్కుతున్నంతసేపూ అవి నా గుప్పిట్లోనే ఉన్నాయి. సగం మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుంటూ చెయ్యి ముఖం దగ్గర పెట్టుకుంటే, ఎక్కడ పునుగు అయిపోయి ఎక్కడ సంపెంగ మొదలయిందో నా ముక్కుకి అందలేదు. రెండూ కలిసిపోయి ఒకే వాసన అయి ఉన్నాయి.

ఇది అప్పట్లోనే రాసి ఉండేదాన్నేమో. రాయలేదు. మొన్న మధురవాడలో మా పిన్ని గృహప్రవేశానికి సామాన్ల చీటీ నా చేతికిచ్చారు. పసుపు, కుంకుమ, గంధం, కర్పూరం, ఆ తర్వాత 'పునుగు, చిన్న డబ్బా ఒకటి'. ఇది తేను పిన్నీ అన్నాను. ఎందుకని అడిగింది. ఆ ముడసర్లోవ సంగతి చెప్పాను. పిన్ని విన్నది, పాపం అన్నది, అని ఒక ప్రశ్న వేసింది.

"పువ్వు కోస్తే లేని తప్పు పునుగు తీస్తే ఎక్కడినుంచి వచ్చిందే? రెండూ వాసనే, రెండూ దేవుడికే. మొక్కకి మాత్రం ప్రాణం లేదా? చిన్నప్పుడు జగదీశ్ చంద్రబోసు పాఠం గడగడా అప్పజెప్పేదానివి కదా!"

అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. పిన్ని మొండితనానికి అన్నమాట కాదది, సరైన ప్రశ్న. పువ్వునీ జంతువునీ పక్కపక్కన పెట్టి, ఏది దేనిలాంటిదో, ఎంతవరకు లాంటిదో నిజంగా చూసుకుంటే తప్ప దానికి జవాబు రాదు. ఇన్ని రోజులుగా నేను చేస్తున్నది ఆ పనే.

ముందు పునుగుపిల్లి సంగతి. పేరులో పిల్లి ఉంది గానీ ఇది పిల్లుల కుటుంబానికి చెందదు. దీని కుటుంబం వేరు, వివెరిడే అంటారు. శాస్త్రీయ నామం వివెరిక్యులా ఇండికా. ఆ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. రెండు నుంచి నాలుగు కిలోల బరువు, ఒంటరి బతుకు, రాత్రి సంచారం. దీని చుట్టం మానుపిల్లి చెట్లమీదా ఇంటి కప్పుల్లోనూ తిరుగుతుంది. పునుగుపిల్లి ఎక్కువగా నేల మీదే. బొరియల్లో, పొదల్లో, రోడ్ల కింద తూముల్లో పగలంతా పడుకుంటుంది. నేను దాన్ని పడుకోబెట్టిన తూమే దాని ఇల్లయి ఉండొచ్చని ఆ తర్వాత చదివినప్పుడు తట్టి, చాలాసేపు ఇంకో పని చెయ్యలేకపోయాను.

తిండి ఇదీ అదీ అని లేదు. ఎలకలు, కప్పలు, పురుగులు, చిన్న పాములు, రాలిన పళ్ళు. ఎలకల్ని తినే జంతువు పొలానికీ ఊరికీ ఎంత మేలు చేస్తుందో రైతుకి చెప్పక్కర్లేదు. పళ్ళతోపాటు మింగిన గింజల్ని ఎక్కడో దూరాన వదిలి అడవిని నాటే పని కూడా దీని బతుకులో భాగమే.

విశాఖలో ఇది ఇంకా ఉందంటే కంబాలకొండ పుణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న ఆ కొండలు తర్వాత అటవీశాఖ చేతికి వచ్చాయి. 2002లో అభయారణ్యమయ్యాయి. సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క జాతీయ రహదారి, దాని అవతల 1977లో తెరిచిన జంతుప్రదర్శనశాల, సముద్రం. ఇంకో పక్క సింహాచలం కొండల వరస. చిరుతలు, నక్కలు, కణుజులు, అలుగులు ఈ మధ్యలోనే సర్దుకుని ఉన్నాయి. చిరుత కనపడితే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. పునుగుపిల్లి చచ్చిపడి ఉంటే మున్సిపాలిటీ బండి వచ్చేదాకా దాని మీదినుంచి టైర్లు వెళుతూ ఉంటాయి.

ఇప్పుడు వాసన. పునుగు అనేది ఈ జంతువు తోక కింద ఉండే గ్రంథుల్లో ఊరే పసుపుపచ్చని జిగురు. మగదానికీ ఆడదానికీ ఉంటుంది. రాత్రి తిరిగే దారిలో రాళ్ళకీ మోళ్ళకీ చెట్ల మొదళ్ళకీ ఒళ్ళు రాసుకుంటూ పోతుంది. ఆ దారిన వచ్చే మరో పునుగుపిల్లికి అది ఉత్తరం. నేను ఉన్నాను, ఈ మేర నాది, నేను మగ లేక ఆడ, జతకి సిద్ధంగా ఉన్నాను లేక లేను. ఒంటరిగా బతికే జంతువు తన జాతితో మాట్లాడుకునే ప్రధానమైన భాష అది. అరవడం తక్కువ, కలుసుకోవడం ఇంకా తక్కువ. వాసన లేకపోతే దాని బతుకులో పక్కింటి ఊసే లేదు.

సంపెంగ వాసన కూడా మాటే. అయితే ఎవరితో? మన కవులు దీన్ని పట్టుకుని ఎంత తమాషా చేశారో! సంపెంగ మీద తుమ్మెద వాలదని ప్రబంధ కవుల నమ్మకం. అన్ని పూల దగ్గరికీ పోయే తుమ్మెద నా దగ్గరికెందుకు రాదని సంపెంగ కుమిలిపోయి, తపస్సు చేసి, అందగత్తె ముక్కయి పుట్టి, తుమ్మెదల్లాంటి చూపుల్ని అటూ ఇటూ నిలుపుకుందని చెప్పిన ఊహ తెలుగువాళ్ళం ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం. కోటేరు వేసిన ముక్కుని సంపెంగ మొగ్గతో పోల్చడం అమ్మమ్మల నోట కూడా ఉన్నదే.

ఆ ఊహలో కొంత నిజం దాగుంది. సంపెంగ మాగ్నోలియా కుటుంబం చెట్టు. లిన్నేయస్ 1753లో మిషేలియా చంపకా అన్నాడు, ఇప్పుడు మాగ్నోలియా చంపకా అంటున్నారు. మన సంస్కృత చంపకమే శాస్త్రం పేరులోనూ నిలిచింది. పూల మొక్కల వంశవృక్షంలో ఈ కుటుంబం బాగా పాత కొమ్మ. మాగ్నోలియాల్లాంటి పూల శిలాజాలు దాదాపు పది కోట్ల ఏళ్ళ నాటివి దొరికాయి. ఈ పువ్వులో రక్షకపత్రాలు వేరు, ఆకర్షణపత్రాలు వేరు అని ఉండదు, అన్నీ ఒకలాంటి రేకులే. తేనె కోసం తిరిగే తుమ్మెదకి ఇక్కడ పెద్దగా పని లేదు. ఈ కుటుంబం పూల దగ్గరికి ప్రధానంగా వచ్చేవి పెంకు పురుగులు. పుప్పొడి తింటాయి, రేకుల మధ్య దూరి తిరుగుతాయి, అలా తిరుగుతూ ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకి చేరుస్తాయి. పువ్వు కూడా తెలివిగా ముందు ఆడదిగా విచ్చుకుంటుంది, తర్వాతే పుప్పొడి రాలుస్తుంది, తన పుప్పొడి తనకే అంటకుండా. కవి తుమ్మెద రాలేదని బాధపడ్డాడు. సంపెంగ పిలిచింది తుమ్మెదని కాదు మరి.

అంటే పువ్వు పిలుపు కూడా మన కోసం కాదు. పిన్ని ప్రశ్నలో బలం ఉన్నది ఇక్కడే, దాన్ని దాటవేసి ముందుకి పోకూడదు. 'పువ్వు తనంతట తాను ఇస్తుంది' అని మనం తేలిగ్గా అనేస్తాం. సంపెంగ మనకేమీ ఇవ్వలేదు. అది పిలిచింది పెంకు పురుగుని. మనం మధ్యలో చెయ్యి పెట్టాం. కోసిన ప్రతి సంపెంగా ఒక కాయగుత్తి కాకుండా పోయినదే. చెట్టున వదిలేస్తే ఆ పువ్వు నడిమి కాడ సాగి, గుత్తిగా కాయలు కట్టి, పగిలి, ఎర్రటి కండ చుట్టుకున్న గింజలు బయటపడతాయి, పిట్టలు వచ్చి తింటాయి. సింహాచలం పూలబుట్టల్లో ఉన్నవన్నీ ఆ పిట్టలకి చేరని తిండి.

ముక్కుకి కూడా ఈ రెండూ మనం అనుకున్నంత దూరం కాదు. నా అరచేతిలో అవి ఎందుకు కలిసిపోయాయో తర్వాత తెలుసుకున్నాను. సంపెంగ పరిమళంలో, మల్లెలో కూడా, ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. అది చిక్కగా ఉంటే పెంట వాసన. పలచబడితే తెల్ల పూల వాసన. ఇండోల్‌కి తోబుట్టువు లాంటి స్కటోల్ అనే పదార్థం పునుగు జాతుల జిగురులో ఉంటుంది. ఘాటు దానిది. పునుగుకి అసలు ప్రాణం మాత్రం సివెటోన్. లియోపోల్డ్ రుజిచ్కా అనే రసాయన శాస్త్రవేత్త 1926లో దాని గుట్టు విప్పాడు. పదిహేడు కార్బన్ పరమాణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ వలయం. అంత పెద్ద వలయం నిలవదని అప్పటిదాకా రసాయన శాస్త్రం నమ్మేది. ఒక అడవి జంతువు తోక కింద అది హాయిగా నిలిచి ఉంది. రుజిచ్కాకి 1939లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆ పనిలో ఈ వలయాలదీ పాత్ర. నాకు ఇందులో ముఖ్యమైనది ఇంకొకటి. నిర్మాణం తెలిసింది కాబట్టి సివెటోన్‌ని కర్మాగారంలో తయారు చెయ్యడం కూడా తెలిసింది. ఇప్పుడు అత్తరు పరిశ్రమలో వాడేది దాదాపు ఆ తయారు చేసినదే. ఏ జంతువునీ ముట్టుకోకుండానే ఆ వాసన దొరికే రోజులు వచ్చి చాలా కాలమైంది.

వాసన ఒకలాంటిదైతే, రెండూ మనకోసం కానివైతే, తేడా ఎక్కడ? నాకు జవాబు మా పెరట్లోనే దొరికింది.

మా నాయనమ్మ నాటిన సంపెంగ చెట్టు ఉండేది, డాబా కంటే ఎత్తు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ వివరించక్కర్లేదు, లేనివాళ్ళకి వివరించలేను. గాలి మధ్యలో ఒక్క ఘడియ ఆగింది, మళ్ళీ ఎదురు దిక్కునుంచి కొట్టింది. ఆ రెండో దెబ్బకి మా చెట్టు నడుం ఎత్తున విరిగింది. మర్నాడు తలుపు తీస్తే కైలాసగిరి గోధుమరంగులో ఉంది, ఆకు లేదు. కంబాలకొండ కూడా అంతే. మా పెరడంతా సంపెంగ కొమ్మలు, వాటి మీద ఆ రోజు విచ్చుకోవలసిన మొగ్గలు. నాయనమ్మ వాటిని ఏరి ఒళ్ళో పోసుకుని కూర్చుంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. ఆవిడ ఒళ్ళో సంపెంగలు ఉన్నాయి.

మోడు తీయించేద్దామన్నారు నాన్న. నాయనమ్మ ఒప్పుకోలేదు. నెలన్నర తిరక్కుండా మోడు చుట్టూ చిగుళ్ళు పొడిచాయి. వాటిలో నాలుగు నిలిచాయి. అయిదో ఏట పూసింది. ఇప్పుడు మా పెరట్లో ఉన్నది ఒక మొదలు మీద నాలుగు మానులు. నాయనమ్మ లేదు. చెట్టు ఉంది, వెనకటికంటే ఎక్కువే పూస్తోంది.

చెట్టు ఒళ్ళు ముక్కలు ముక్కలుగా కట్టుకున్న ఒళ్ళు. ఆకు దగ్గర మొగ్గ, ఆ మొగ్గ దగ్గర మళ్ళీ కొమ్మ, ఆ కొమ్మకి మళ్ళీ ఆకులు. గుండె అని ఒకచోట లేదు, మెదడు అని ఒకచోట లేదు. కదలలేని ప్రాణి కాబట్టి, మేకకీ పురుగుకీ గాలికీ ఎప్పుడూ దొరికి ఉండేదే కాబట్టి, కొంత పోయినా తాను పోకుండా ఉండేలా కోట్ల ఏళ్ళుగా తయారైంది. బోసుగారి పాఠం అబద్ధం కాదు. మొక్కకి గాయం తెలుస్తుంది, గాయమైన చోటునుంచి విద్యుత్ సంకేతాలు మిగతా ఒంటికి వెళతాయి, రసాయనాలు మారతాయి. కానీ ఆ కబురు అందుకుని భయపడే ఒక కేంద్రం అందులో లేదు. నాలుగు పువ్వులు కోస్తే చెట్టులోంచి నాలుగు పువ్వులు తగ్గాయి. చెట్టు తగ్గలేదు.

పునుగుపిల్లికి ఒక్కటే ఒళ్ళు. తూము పక్కన నేను పడుకోబెట్టినదానికి మోడు లేదు, చిగురు లేదు. అది పోతే దాంతో పాటు ఆ కొండవాలులో రాళ్ళ మీద అది రాసుకున్న ఉత్తరాలన్నీ నాలుగు వానలకి చెరిగిపోయి ఉంటాయి. ఆడదైతే ఏ పొదలోనో రెండో మూడో పిల్లలు తల్లి కోసం చూసి ఉంటాయి. నేను చూడలేదు. చూసి ఉండవలసింది, ఆ చుట్టుపక్కల ఒకసారి వెతికి ఉండవలసింది. నా బెంగ అది.

ఇక పునుగు తీసే తీరు. గ్రంథిలోని జిగురు కావాలంటే జంతువు దొరకాలి, దొరికినది కదలకూడదు. అందుకని బోను. ఇథియోపియాలో దీని పెద్ద చుట్టాన్ని, ఆఫ్రికా పునుగుపిల్లిని, కర్రల బోనుల్లో పెట్టి, కొన్ని రోజులకోసారి గ్రంథిని నొక్కి చిన్న గరిటెతో గీకి తీసి, పశువుల కొమ్ముల్లో నింపి ప్రపంచానికి ఎగుమతి చేసిన చరిత్ర వందల ఏళ్ళది. మన వైపు బోనులో గంధపు కర్రో మామూలు కర్రో పాతి, జంతువు దానికి రుద్దుకున్నాక గీకి తీసే పద్ధతి కూడా ఉంది. గరిటె కంటే అది మెత్తని పద్ధతే, ఒప్పుకుంటాను. కానీ ఆ కర్రకి ఎందుకు రుద్దుకుంటుందో తలుచుకోండి. రాత్రంతా తిరగవలసిన జంతువు, మేర గుర్తు పెట్టుకోవలసిన జంతువు, నాలుగు అడుగుల బోనులో ఉన్న ఒకే కర్రకి రోజూ అదే ఉత్తరం రాస్తుంది. చదివేవాళ్ళు లేరు. మనం దాన్ని గీకి డబ్బాలో పెడతాం.

పువ్వుకి బోను అక్కర్లేదు. నాకు దొరికిన తేడాల్లో మొదటిది చెట్టు ఒళ్ళయితే రెండోది ఇది. సంపెంగ వాసన కోసం సంపెంగ బతుకుని మార్చనక్కర్లేదు. అది ఉన్నచోటే ఉంటుంది, దాని ఎండా దాని వానా దానివే. పునుగుపిల్లి నుంచి వాసన తీసుకోవాలంటే ముందు దాని రాత్రిని తీసుకోవాలి.

పిన్నికి ఇంతవరకు చెబితే ఊరుకునేది కాదు. "మరి చందనం?" అనేది. నేనే వేసుకున్నాను ఆ ప్రశ్న. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు ఆ పూత వలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రి నుంచి మళ్ళీ మొదలు, విడతకి మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు. గంధం పువ్వులాంటిది కాదు. చెట్టు నడిమిలోని చేవలో ఉంటుంది వాసన. ఆ చేవ కోసం చెట్టుని నరకాలి, వేర్లతో సహా తవ్వాలి. మొక్క కాబట్టి తప్పులేదు అని నేను అనలేను. గంధపు చెట్లని దొంగతనంగా కొట్టి మన అడవుల్లో చాలా చోట్ల లేకుండా చేసింది కూడా ఈ వాసన మోజే.

కానీ గంధాన్ని నాటొచ్చు. నాటుతున్నారు కూడా. చేవ పట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టినా, ఒక తరం నాటితే ఇంకో తరం తీసుకుంటుంది. ఆ ఏళ్ళన్నీ చెట్టు చెట్టులాగే బతుకుతుంది. బోనులో పుట్టిన పునుగుపిల్లి ఒక్క రోజు కూడా పునుగుపిల్లిలా బతకదు. నా గీత అక్కడ ఉంది. చెట్టు వైపు అంతా ఒప్పు, జంతువు వైపు అంతా తప్పు అని గీసిన గీత కాదు. తీసుకోవడం కోసం ఆ ప్రాణి బతుకు తీరునే ఆపెయ్యాలా వద్దా అన్న దగ్గర గీసినది.

పెద్ద గుళ్ళ సంగతి అడుగుతారు. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పునుగు తైలం అలదడం పాత ఆచారం. నేను ఆ స్వామికీ ఈ స్వామికీ మొక్కేదాన్నే. ఒక గుడిలో, ఒక విగ్రహానికి, వారానికోసారి జరిగేదాన్ని పట్టుకుని వాదించడానికి ఇది రాయడం లేదు. నా భయం ఆ చీటీ గురించి. ప్రతి గృహప్రవేశానికీ, ప్రతి షాపు పూజకీ, ధనం నిలుస్తుంది దిష్టి తగలదు అని చెప్పి అమ్మే చిన్న డబ్బా గురించి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పునుగుపిల్లి రక్షిత జంతువు. అనుమతి లేకుండా పట్టకూడదు, పెంచకూడదు, దానినుంచి తీసినది అమ్మకూడదు. అలాంటప్పుడు పూజాద్రవ్యాల కొట్లో అరల మీద వరసగా పేర్చిన ఆ డబ్బాల్లో ఉన్నది ఏమిటి? అసలుదైతే నేరం. అసలుది కాకపోతే మోసం. నేను ఒక కొట్లో అడిగాను కూడా. "అసలుదేనమ్మా, అడవి నుంచే వస్తుంది" అన్నాడు. అమ్మకానికి అది గొప్ప మాట అనుకున్నాడతను. నాకు తూము గుర్తొచ్చింది.

మన నగరం కంబాలకొండకి నాలుగు వైపులా పెరుగుతోంది. మధురవాడలో పిన్ని కొన్న ఫ్లాటు బాల్కనీ నుంచి ఆ కొండే కనిపిస్తుంది. కొండ కనిపిస్తుందనే అమ్మినవాళ్ళు ధర ఎక్కువ వేశారు. పునుగుపిల్లి ఊరికి మరీ భయపడే జంతువు కాదు, పొలాల గట్ల మీదా ఇళ్ళ మధ్యా కూడా బతకగలదు. ప్రపంచం మొత్తం మీద చూస్తే అంతరించిపోయే జాబితాలో లేదు. అందుకే మనకి పట్టదు. కానీ ముడసర్లోవ రోడ్డు మీద లెక్క వేరే. అక్కడ వేగం తగ్గించేలా నాలుగు గట్లు కట్టి, తూముల్ని చెత్తతో పూడ్చకుండా వదిలేస్తే వాటికి కింద దారి ఉంటుంది. పెద్ద ఖర్చు లేదు. చెయ్యమని అడగవలసింది ఆ దారిన సింహాచలం వెళ్ళే మనమే.

సంపెంగ మాటకొస్తే, సింహాచలం పూలు కొనడం నేను మానలేదు. కొండ చుట్టూ తోటలున్నాయి, అనాస, పనస, మామిడి, సంపెంగ. వాటి మీద బతికే ఇళ్ళున్నాయి. పూలకి గిరాకీ ఉన్నన్నాళ్ళు అక్కడ ఎవరో ఒకరు సంపెంగ మొక్క పాతుతారు. చెట్టు పెరిగేకొద్దీ చేతికందని కొమ్మల పూలు చెట్టుకే మిగులుతాయి, పిట్టలకి గింజలు మిగులుతాయి. పునుగుకి గిరాకీ పెరిగితే పెరిగేది బోనులు.

గృహప్రవేశానికి మా చెట్టు సంపెంగలు ఒక పళ్ళెం నిండా పట్టుకెళ్ళాను. పునుగు తేలేదు. పిన్ని ఏమీ అనలేదు, పంతులుగారూ అడగలేదు. హోమం పొగలో ఏ వాసన ఏదో ఎవరికీ తెలిసే అవకాశం కూడా లేదు. తిరిగొచ్చేటప్పుడు పిన్ని ఒక పువ్వు గాజు సీసాలో వేసి, అంచుదాకా నీళ్ళు పోసి, బిరడా బిగించి అల్మారాలో పెట్టుకుంది. మా నాయనమ్మ అలవాటు అది. నెలల తరబడి వాడకుండా ఉండేది ఆవిడ సీసాలో పువ్వు. పిన్ని నా వైపు చూసి, "దీనికేం అభ్యంతరం లేదు కదా?" అంది. లేదన్నాను.

ఆ తర్వాతి వారం మా ప్రహరీ గోడ మూల, సంపెంగ మొదలుకి నాలుగడుగుల దూరంలో, నేరేడు గింజలు నిండిన పెంట కనపడింది. కుక్కది కాదు, పిల్లిది అంతకన్నా కాదు. రెండు రోజులయ్యాక అదే చోట ఇంకొంచెం. మానుపిల్లో పునుగుపిల్లో, రాత్రి కొండ దిగి ఎవరో మా పెరట్లోకి వచ్చి వెళుతున్నారు. వెనక వైపు లైటు ఆ రోజు నుంచి వెయ్యడం లేదు. అమ్మ తెల్లవారుజామున లేచి పెరడంతా చిమ్మి కళ్ళాపి చల్లుతుంది, ఒక్క ఆకు ఉండనివ్వదు. ఆ మూల మాత్రం వదిలేస్తోంది.